ఐదు వేళ్ళ మొగ్గ

జహ్రాలో మొదటి రోజు
ముసలామె ఐదు వేళ్ళూ మొగ్గలా ముడిచి
నా ముఖం ముందు ఆడించింది.
తినమంటోందనుకుని
వంటింట్లో నిలబడి రెండు రొట్టెలు తిన్నాను.
"కాస్త ఆగు" అనట దాని అర్థం.
మూడు నెలలకి డ్రైవర్ మస్తాన్‌వలి చెప్పి
స్టీరింగ్ మీద పడి నవ్వాడు.

పోయినేడు పక్షవాతం
ఆమె మాటనీ కుడిచేతినీ పట్టుకుపోయింది.
కొడుకులు గట్టిగా అరిచి మాట్లాడతారు, ఆమెకి చెవుడొచ్చినట్టు.
నాకు పెద్ద తేడా తెలీలేదు.
ఆమె ఆవులిస్తే నాకూ ఆవులింత.
వీపు మీద రోమాలు లేస్తే నీళ్ళు చల్లారాయని.
నాలుకతో "ట్చ్" అంటే వద్దని,
రాయచోటిలోనూ అంతే.

నిన్న ఫోన్ పెట్టేశాక
తోమిన గిన్నెనే తోముతున్నాను.
వెనక చక్రాల కుర్చీ కిర్రుమంది.
ఎడంచెయ్యి.
మొగ్గలా ముడిచిన వేళ్ళు.
ఆగమనేమో అనుకున్నా.
నోటి దాకా వచ్చాయి,
మధ్యలో ఖర్జూరం.