మెడ దగ్గర నాలుగు మరలు

పల్లావరం శుక్రవారం సంతలో
ఇస్త్రీపెట్టెలకీ, అక్షరాలూడిన టైపు మిషన్లకీ నడుమ
ఆరువేల అయిదొందలకి దొరికిందట.
దుప్పట్లో చుట్టి తెచ్చాడు కదిరవన్,
జ్వరమొచ్చిన పిల్లని తెచ్చినట్టు.
"అన్నా, గిబ్సనేనా?"

పెరంబూరు బ్రిడ్జి కింద నా కొట్లో
ఈ ప్రశ్న నెలకి రెండుసార్లు వింటాను.
జవాబు చెప్పేముందు టీ చెప్తాను.

గుమ్మంలోంచి చూస్తే అదే.
అదే నడుం, ఒకవైపే కోసిన అదే భుజం,
అంచుల్లో కాఫీ నలుపు, పొట్టమీదికొచ్చేసరికి
మాగిన బంగినపల్లి.
తలమీద పేరుండాల్సిన చోట మాత్రం
బ్లేడుతో గీకిన మచ్చ.
ఎవరికి సిగ్గేసిందో,
హార్బరు గేటు దగ్గర ఎవరికి భయమేసిందో.

నేను తల నమ్మను. బోర్లా తిప్పుతాను.
మెడ ఒంటిని కలిసేచోట
ఇనప బిళ్ళ, నాలుగు మరలు.
అసలుదానికి అక్కడ జిగురే, ఇనుముండదు.

మా తాత గొల్లపల్లిలో వీణలు చెక్కేవాడు.
కుండా దండీ యాళితలా
ఒక్క పనస దుంగలోంచి రావాలి. ఏకాండి.
అతుకు వీణ కనిపిస్తే
ఎంగిలికంచం తొక్కినట్టు పక్కకి జరిగేవాడు.
ఆ ముక్కే నాకూ వచ్చింది.
చిట్లించడం మానడానికి ముప్పయ్యేళ్ళు పట్టింది.

తీగలు వదులుచేసి పికప్ పైకెత్తాను.
కింద చెక్క పొరలు పొరలుగా,
తాపేశ్వరం కాజా అడ్డంగా కోసినట్టు.
ప్లైవుడ్.
గుంటలో పెన్సిలుతో రెండక్షరాలు, జపాను లిపి.
తేదీ కావచ్చు, మేస్త్రీ పేరు కావచ్చు,
"ఇది ముందుపక్క" అనైనా కావచ్చు.

కదిరవన్ టీ చల్లారిపోయింది.
"ఐతే డూప్లికేటా అన్నా?"

ఇలా రా, ఇది చూడు అన్నాను.
తీగలు తలకెక్కేచోట ఎముకముక్క ఉండాలి కదా,
ఇక్కడున్నది టూత్‌బ్రష్ పిడి.
గులాబీరంగుది.
ఆరు గాట్లు, ఆకురాయితో,
వెంట్రుకవాసి తేడా లేదు.
కంపెనీ పేరులో చివరి అక్షరం ఇంకా బతికే ఉంది.
ఏదో రాత్రి అసలు ముక్క విరిగి,
మర్నాడు ప్రోగ్రాం ఉండి,
పొద్దున్న పళ్ళు వేలితో తోముకుని ఉంటాడు మహానుభావుడు.

మెట్లు చూడు. మూడో మెట్టుదాకా గుంటలు,
ఆపైన కొత్తపెళ్ళి గిన్నెలు.
అంటే ముందుకొచ్చి వాయించినవాడు కాదు,
రైల్వే ఇన్‌స్టిట్యూట్ శనివారం డాన్సుల్లో
డ్రమ్ములవాడి పక్కన నిలబడి
రాత్రంతా అవే నాలుగు కార్డులు పట్టినవాడు.
వెనకవైపు వార్నిష్ బెల్టు బకిలంత మేర చెరిగిపోయింది.
మనిషి పొట్టిగా ఉండేవాడు, నీకంటే.

కుర్రాడు నవ్వలేదు.

ఆంప్‌కి తగిలించాను. తీగలు ముట్టుకోలేదు.
వంగి, పికప్ దగ్గర నీ పేరు చెప్పు అన్నాను.
నన్నోసారి, గిటారునోసారి చూసి
గుళ్ళో చెవిలో చెప్పినట్టు చెప్పాడు.
"కదిరవన్" అంది ఆంప్,
కాస్త జలుబు చేసిన గొంతుతో.

దీనికి మైనం పోయలేదురా.
ఇప్పుడొచ్చే ఖరీదైనవాటికి ఈల వేయకుండా
చెవుల్లో మైనం పోసి పంపుతారు.
అరిచినా పలకవు.

మళ్ళీ చెప్పాడు. ఇంకోసారి గట్టిగా.
వాళ్ళమ్మ పేరు చెప్పాడు, బైకు నంబరు చెప్పాడు,
టీ గ్లాసులకొచ్చిన కుర్రాణ్ణి పిలిచి
వాడిచేత ఏదో బూతు చెప్పించాడు.
పైన లోకల్ రైలు వెళ్తుంటే
ముగ్గురం నోరు మూసుకున్నాం.
అదీ వినిపించింది, లోపలినుంచి.

సెట్టింగుకి ఎనిమిదొందలు.
బ్రష్ ముక్క తీసి ఎముక వేయనా అంటే
"ఉండనీ అన్నా" అన్నాడు, దాన్ని బొటనవేలితో తడుముతూ.

మరలు బిగించాను.
మూడు ఒక జాతివి.
నాలుగోది ఎవడో వడ్రంగి పెట్టిన తలుపుబందు మర,
కొంచెం తుప్పు, కొంచెం వంకర.
కొత్తది డబ్బాలో ఉంది.
తీయలేదు.