అట్ట మీద మచ్చలు

నిన్న రాత్రి రెండు సీసాలు గుమ్మం బయట పెట్టి పడుకున్నాను.
ఒకదాంట్లో భూమిలోంచి తోడి వడకట్టిన నూనె,
ఇంకోదాంట్లో కర్మాగారంలో అణువణువూ కూర్చి చేసింది.
నారిన్‌లో నవంబరు. ఏటి అంచులు అప్పుడే తెల్లబడ్డాయి.

తెల్లారి బెర్మెత్ అక్క వచ్చేసరికి
రెండూ ఒక్కసారే వంచి చూపించాను.
సింథటిక్ పిలిస్తే పలికినట్టు జారింది.
మినరల్ కదల్లేదు.
విందయ్యాక పళ్ళెం అంచున పేరుకున్న
గొర్రెతోక కొవ్వులా అట్లాగే కూర్చుంది.

"ఇంకేం మరి, జారేదే పొయ్యి."

అంత తేలికైతే
నా కొట్టు ముందు ఈ బెంచీ ఎందుకు?

ఆమెది ఎనభైతొమ్మిది నాటి ఆడి.
జర్మనీలో ముగ్గురి చేతులు మారి వచ్చింది.
నాలుగు లక్షల ఎనభై వేల కిలోమీటర్లు,
మీటరు ఆగిపోయాక తిరిగినవి లెక్కలో లేవు.
ఇన్నేళ్ళూ తాగింది చవక నూనే.
ఆ నూనె మడ్డి సీళ్ళ పగుళ్ళలో చేరి
గోడ నెర్రెలకి మెత్తిన బంకమట్టిలా
లోపలిది లోపలే ఆపుతోంది.
కొత్తది పోస్తే కడిగేస్తుంది.
కడగడమే దాని గుణం, దాని తప్పూ అదే.

ఆరేళ్ళ కిందట మా బావ కుబాత్ బండికి
ఇదే మంచిదని ఒట్టేసి మరీ పోశాను.
దొలోన్ కనుమ ఎక్కాక ఎర్ర దీపం వెలిగిందట.
ఇంజను పట్టేసింది.
బొగ్గు లారీ వాడెవడో తాడు కట్టి లాక్కొచ్చాడు.
బావ ఒక్క మాట అనలేదు.
అప్పట్నుంచీ టీ మాత్రం
పక్క కొట్టులో తాగుతున్నాడు.

ఇదంతా చెప్పి,
"రెండూ కలిపింది కూడా ఉందక్కా, సగం సగం" అన్నాను.

"నాకు రాత్రి రెండింటికి ఫోనొస్తుంది, తోక్తోసున్.
సగం బిడ్డ పుట్టదు."

పై ఊళ్ళన్నిటికీ ఆమే మంత్రసాని.
పోయిన జనవరిలో తాళం తిప్పితే
ఇంజను మూలిగి, మూలిగి, ఊరుకుందట.
బకెట్లో నిప్పులు పోసి కింద పెట్టి,
పైన కంబళి కప్పి,
నలభై నిమిషాలు కూర్చుందట.
ఆ తర్వాతేమైందో చెప్పలేదు.
నేను గుడ్డతో చేతులు తుడుచుకున్నాను,
చేతులు అప్పటికే శుభ్రంగా ఉన్నా.

"కారన్నాక కారనీ. కదిలితే చాలు."

మూడు వేల రెండొందల సోమ్‌లు బెంచీ మీద లెక్కపెట్టింది.
చిన్న నోట్లు, ఉన్ని వాసన.
కింద పడుకుని బోల్టు విప్పాను.
పాత నూనె తారులా దిగుతూ దిగుతూ
ఆఖరి చుక్క దగ్గర చాలాసేపు ఆగింది.

ఒక్క షరతు పెట్టాను:
రాత్రుళ్ళు బండి కింద అట్ట పరచాలి,
ప్రతి శుక్రవారం తెచ్చి చూపించాలి.
మచ్చ ముందుకుంటే ఒక సీలు, వెనక్కుంటే ఇంకోటి,
నడిమధ్యనుంటే నేను బిగించడం మర్చిపోయిన బోల్టు.

మొదటి శుక్రవారం నాణెమంత.
రెండోసారీ నాణెమే.
మూడోసారి రొట్టెంత. సీలు మార్చాను, డబ్బడగలేదు.
తర్వాత మళ్ళీ నాణెం.

జనవరి మధ్యలో టీవీ డబ్బా అట్ట పట్టుకొచ్చింది.
మచ్చ పక్కన నీలం పెన్నుతో ఏవో అంకెలు.
"చేతికి వేరే కాగితం దొరకలేదు."

మైనస్ ముప్ఫై ఎనిమిది. ఒక్క తిప్పుకే.
దాని కింద: ఆడపిల్ల. మూడు కిలోల నూటయాభై. నాలుగూ ఇరవై.

నూనె మెల్లగా అక్షరాల వైపు పాకుతోంది.
మచ్చ చూడాల్సింది నేను,
రాత ఆసుపత్రి పుస్తకంలోకి ఎక్కించాల్సింది ఆమె.
బ్లేడు తీసి రెండు ముక్కలు చేశాను.

కోత తిన్నగా రాలేదు.
ఆమె ముక్క అంచున
కాస్త నూనె ఉండిపోయింది.