అరసున్న

రాత్రి తొమ్మిది దాటింది. ఘాలాలో మా ఆఫీసు కింద
టైర్ల కొట్టు షట్టరు దించిన చప్పుడు.
తెర మీద ఓదెలు పేరు పక్కన
గుండుసున్న.

పొద్దున వచ్చాడు, హెల్మెట్ చంకలో పెట్టుకుని.
సిమెంటు సంచీ కాగితం కత్తిరించి కుట్టుకున్న పుస్తకం
నా బల్ల మీద పరిచాడు. అన్నీ పెన్సిలు గీతలే.
"దినాం ముప్పావు గంట ఎక్కువ జేసిన మేడం,
ఇరవయ్యారు దినాలు. జీతంల ఒక్క బైసా కనవడ్తలేదు."
ఖల్ఫాన్ సారు తలెత్తకుండానే అన్నాడు,
సిస్టం తప్పు చెప్పదని.

నిజమే, చెప్పదు. అడిగినదానికే చెబుతుంది.

వరసలు ఎక్కడైనా రెండేసి పడ్డాయా? లేదు.
ఖాళీ గడులున్నాయా? లేవు.
ఇరవయ్యారు వరసలూ ఉన్నాయి, ఒక్కోదాంట్లో నలభై అయిదు,
గేటు దగ్గర అతని వేలిముద్ర సాక్షిగా.
చివరికి ఒక్క రోజునే విడిగా తీసి అడిగాను:
నలభై అయిదును అరవైతో భాగిస్తే ఎంత?
సున్న, అంది.
తడుముకోను కూడా లేదు.

పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే
పూర్ణాంకమే పుట్టాలట దాని లెక్కలో.
మిగిలింది నేలపాలు.
మా వీధిలో చేపలమ్మే నూకాలుకి
పావు, అర, ముప్పావు, వీసం దాకా
వేళ్ల కణుపుల మీదే ఉండేవి.
దీనికెవరూ ముప్పావు అనే మాట నేర్పలేదు.

ముందు కూడి, తరవాత భాగించాను.
పంతొమ్మిది!
టీ తెచ్చుకుందామని లేచి, లేచినదాన్ని లేచినట్టే ఆగాను.
పదకొండు వందల డెబ్భై నిమిషాలు కదా,
అర ఎక్కడ పోయింది?

పాత పద్యాల్లో అరసున్నలు చూపించి
మా తెలుగు మాస్టారు అనేవారు:
"పలకదు. కానీ ఉంటుంది."

అరవై పక్కన ఒక చుక్క పెట్టాను,
చుక్క పక్కన ఒక సున్న.
పంతొమ్మిదిన్నర.

అక్కడితో ఆగవలసింది. ఆగలేక
పదకొండు నెలల వెనక్కి అడిగాను, క్యాంపు మొత్తానికి.
నాలుగొందల పన్నెండు పేర్లు
తెర కిందికి జారుతూ, జారుతూ.
ఖల్ఫాన్ సారుతో ఏమనాలో తెలీదు.
ప్రింటు మాత్రం తీశాను.

తెల్లారి, తన పుస్తకంలో నేను రాసిచ్చిన అంకెను
ఓదెలు కిటికీ వెలుతురుకి పట్టి చూశాడు.
బస్సు నంబర్లు చదివి చదివి ఇక్కడి అంకెలు నేర్చినవాడు.
ఈ దేశంలో సున్నను చుక్కలాగే రాస్తారు.
పగిలిన వేలు దాని మీద ఆనించి,
గొంతు తగ్గించి అడిగాడు:
"మేడం, నడుమ గీ సుక్క...
సున్న గాదు గద?"