ఎండకి సర్వే నంబరు

గుంటూరు, నగరంపాలెం, మూడో అంతస్తు.
ఫ్యాను వేస్తే పటం లేస్తుంది,
ఆపితే చెమట బొట్టు రాలి సముద్రం అలుక్కుపోతుంది.
నాలుగు మూలలా నాలుగు స్టాప్లర్లు పెట్టి
చినరేవు అభివృద్ధి ప్రణాళికకి రంగులేస్తున్నాను,
రాబోయే ఇరవై ఏళ్లకి సరిపడా.

ఇళ్లకి పసుపు. కొట్లకి నీలం.
ఫ్యాక్టరీ వస్తే గిస్తే ఊదా.
పర్యాటకానికి పైనుంచి చెప్పి వేయించిన నారింజ.
చేపలెండబెట్టే ఇసుకకి మాత్రం సూచికలో గడి లేదు.
అడిగితే సారు,
"ఖాళీ జాగాయేగా, తెల్లగా వదిలెయ్" అన్నారు.

జిల్లాలు విడగొట్టాక చినరేవు అంచుకొచ్చింది.
నా పెన్ను మొన అర మిల్లీమీటరు.
ఈ పటంలో ఆ గీత, నేల మీద పాతిక మీటర్లు.
ఆ పాతిక మీటర్లలో
వేలంపాట రేకుల షెడ్డు, మస్తాన్‌బీ టీ బంకు,
వలలు కుట్టే అరుగు సగం,
ఈనిన కుక్క, దాని ఆరు పిల్లలూ ఉన్నాయని
అక్కడికి వెళితే గానీ తెలీలేదు.
రొయ్య పాట ఈ జిల్లాలో మొదలై
కాటా ఎక్కేసరికి ఆ జిల్లాలో తేలుతుంది.
సుంకం రెండు చోట్లా కడతారు.
షెడ్డు ముందు గుంట మాత్రం ఎవరిదీ కాదు.

పటం గొట్టంలో చుట్టి తెల్లారుజాము బస్సెక్కాను.
కిటికీ మూసినా మిర్చి ఘాటు, బస్సంతా తుమ్ములు.
రోడ్డుకి అటూ ఇటూ శీతల గిడ్డంగులు.
రంగు తగ్గుతుందని
ఎండుమిరపకి ఏడాది పొడుగునా చలిగదులు.
గంటకే కళ్లు తేలేసే చేపకి
ఎక్కడినుంచో ఆటోలో వచ్చే ఐసు,
దిగేసరికి సగం నీళ్లు, ఖరీదు మొత్తానిది.
ఇది రాసుకోవాలని నోటుబుక్కు తీశాను.
బస్సు కుదుపుల్లో రాసింది
తర్వాత నాకే అర్థం కాలేదు.

అభ్యంతరాల సభ తుపాను షెల్టర్లో.
కుర్చీలు ముప్ఫై, మనుషులు పదకొండు.
ఆ రోజు వేట బాగుంది, ఎవరొస్తారు?
సారు గోడ మీద నాలుగంతస్తుల హోటలు నిలబెట్టి
నాలుగొందల కొలువులన్నారు.

కొక్కిలిగడ్డ నాంచారమ్మ లేచింది.
మోచేతుల దాకా పొలుసులు.
తూర్పెటో అడిగింది, చూపించాను.
నారింజ గడి మీద వేలు పెట్టి
తెల్లదాని మీదికి లాగింది.
"మూడింటికి దీని నీడ ఇక్కడ పడుద్ది.
నీడలో చేప ఎండదు, పురుగు పడుద్ది.
మా ఎండ ఎవరి పేరున రాశారయ్యా?"

సారు నవ్వారు.
మైకు కూడా ఒకసారి కూసింది.
కొలువుల్లో సగం ఆడవాళ్లకేనన్నారు.
"ఏం పని?"
"గదులు శుభ్రం చెయ్యటం."
"ఇప్పుడు మాకు ఎండే మేస్త్రీ.
నలభై ఏళ్లలో, ముసురప్పుడు తప్ప,
ఒక్క రోజు నాగా పెట్టలా."

రిజిస్టరు నా చేతిలో ఉంది.
పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, అభ్యంతరం.
పేరు రాశాను.
సర్వే నంబరు అడిగితే
నాంచారమ్మ కిటికీలోంచి బయటికి చూసింది,
కాసేపు పైకి చూసింది.
విస్తీర్ణానికి మాత్రం జవాబిచ్చింది:
"వేసవిలో ఎక్కువ, కార్తీకంలో తక్కువ."
అదే రాశాను. సారు ఇంకా చూడలేదు.

గుంటూరు వచ్చి గొట్టం విప్పితే
ఆమె వేలు లాగిన చోట చేపనూనె చార,
జిల్లా సరిహద్దు కన్నా మందంగా.
చెరిపెయ్యమన్నారు.
బ్రెడ్డు ముక్కతో రుద్దాను, బ్లేడు అంచుతో గీకాను.
మరక పోయింది. వాసన పోలేదు,
పక్క సెక్షను వాళ్లు లేచి కిటికీలు తెరిచారు.

మధ్యాహ్నం మూడు.
పడమటి వైపు కొత్తగా లేచిన మేడ నీడ
మెల్లగా నా బల్ల ఎక్కుతోంది.
స్టాప్లర్లు ఒక్కొక్కటే తీసి
పటాన్ని జానెడు ఎండలోకి జరిపాను.