రెండో చప్పుడు

పెనీష్ రేవు మలుపు తిరిగితే చాలు,
ఇదలీనా రొట్టెల వ్యాన్ తలుపు జారిపోతుంది.
మొన్న మూడు రొట్టెలు సముద్రపు కాకుల పాలు.
ఏడాదిగా వలతాడుతో కట్టి నడుపుతోంది.
"ముసలిదైపోయింది" అంటుంది, వ్యాన్‌నే.

మరలు విప్పి చూశాను.
స్ప్రింగు బాగుంది. కొక్కెం అరగలేదు.
గ్రీజులో ఏళ్ళ తరబడి పిండి చేరి, గట్టిపడి
కొక్కేన్ని సగంలోనే నిలిపేస్తోంది:
చప్పుడుంది, పట్టు లేదు.

స్క్రూడ్రైవర్ మొనతో గీకుతుంటే ఆమె వంగి చూసింది.
"పసుప్పచ్చగా ఉందే. మొక్కజొన్న!
మా అత్త పోయాక ఆ రొట్టె మానేశాం."
ఆ చిటికెడూ కాగితంలో మడిచి పెట్టుకుంది.

కిరసనాయిలు, పాత పళ్ళబ్రష్షు, కొత్త గ్రీజు.
తలుపు తోశాను. టక్.
ఆగి, లోపలెక్కడో, ఇంకో టక్.
ఆ రెండోదే పట్టు.

తాడు మాత్రం విప్పనివ్వలేదు.