రెండు కార్లు

బండి నాది కాదు. స్టీరింగు నాది.
బండి గౌరీశంకర్ సేటుది, మిర్యాలగూడల రైసుమిల్లు.
రాత్రి మిల్లు షెడ్డుల దానికి ప్లగ్గు పెడ్త,
బర్రె ముందట కుడితి గోలెం పెట్టినట్టు.
తెల్లారి వేములపల్లి దాటుత, తిప్పర్తి దాటుత,
ఇంజను లేవదు.
కాలువ కట్ట మీద కొంగ గూడ లేవదు మా చప్పుడుకు.

ఇంజను ఉన్నదా అంటే ఉన్నది.
బానెట్ కింద పండుకొని ఉంటది
పండుగకొచ్చిన కొత్తల్లుని తీరుగ.
ఎప్పుడన్న పట్నం పోతే చిట్యాల కాడ
ఒక్కపారి గొంతు సవరించుకుంటది, అంతే.
ఆరు నెలలల్ల తొమ్మిది వేల కిలోమీటర్లు.
దాంట్ల పెట్రోలు మీద నడిచింది మున్నూట పది.
ఇది నా లెక్క కాదు,
తెర మీద బండే చెప్తది.

మర్రిగూడ బైపాసు కాడ షోరూము.
ప్రణీత్ సారు పలక మీద ఏలు జరుపుకుంట చదివిండు:
ఇంజను ఆయిలు, ఇంజను ఫ్లష్,
ఇంజెక్టర్లు కడుగుడు, త్రాటిల్ కడుగుడు,
బ్రేకులు ఊడదీసి మళ్ల బిగిచ్చుడు,
ఇంకేందో వాసన రాకుంట ఏసీకి మందు కొట్టుడు.
పదిహేడు వేల ఆరు వందల చిల్లర.

సార్, ఈ బండి ఆగుతుంటే కరెంటు పుడ్తది గద,
ప్యాడ్లు అరిగేదెక్కడ, అన్న.
నూనె మార్చి ఆరు నెలలే, పుస్తకంల సాలుకోపారని ఉన్నది,
నాకు ఇంగ్లీషు రాదు గని అంకెలు వస్తయ్, అన్న.
ఆయన నవ్విండు.
ఒక్కటే మాట అన్నడు: వారంటీ.

ఆ మాట ఫోనుల ఇన్నంక సేటు గొంతు సన్నగైంది.
వడ్లల్ల తేమ పదిహేడున్నదని
బస్తాకు రెండు కిలోలు కోసే మనిషి,
తరుగు అంటే ఏందో ఈ తాలూకాకే నేర్పిన మనిషి,
"చెయ్యమను" అన్నడు.
నాకు లోపల నవ్వొచ్చింది.
నవ్వెనక కొంచెం పాపమనిపిచ్చింది,
ఎందుకో తెల్వదు.

డ్రైవర్లు లోపటికి రావద్దు. అద్దం ఇవతల నిలబడి చూసిన.
బండి మీదికి లేచింది.
కింద యాకూబ్ అనే పిల్లగాడు, ఐటీఐ అయి ఏడాది కాలే,
నట్టు విప్పిండు.
నూనె దిగింది.
నల్లగ రాలే.
గానుగ కాడ పల్లినూనె తొలి ధార ఎట్లుంటది,
అట్ల.
యాకూబ్ నా దిక్కు చూసిండు,
నేను ఆ పిల్లగాని దిక్కు చూసిన,
మజ్జెల అద్దం.

ఎన్కసీరి చాయ బండి కాడ కలిసిండు.
"టార్గెట్ అన్నా, నెలకు ఇన్ని డబ్బాలు పోవాలె."
మరి ఇంజెక్టర్లు?
చాయాయన కడిగి బోర్లేసిన గిలాస అందుకొని
నీళ్లల్ల ముంచి తీసి
మళ్ల బోర్లేసిండు.
అదే జవాబు.

పారబోసేదే గదా, నాకియ్యమన్న.
నాలుగు లీటర్లు, పాత డబ్బాల.
మరక పడొద్దని గోనెసంచి చుట్టి పక్క సీటు కింద పెట్టిన.
తిప్పర్తి దాక సప్పుడు లేకుంట వచ్చినం,
బండి, నేను, ఏ పనీ చెయ్యని నూనె.

మా తమ్ముడు జానయ్యది నిడమనూరు,
కాలువ కింద ఎకరంనర.
వాని పవర్ టిల్లరు దమ్ములకు దిగితే మూలిగేది.
పాత లుంగీ గుడ్డల వడగట్టి పోసిండు.
"ఇంత కొత్త నూనె ఏ ఎడ్డోడు పారేసిండే?" అన్నడు.
చెప్పలే.

మా దిక్కు ముసలోళ్లకు కారంటే పంట.
వానకారు దున్నిచ్చిండు ఆ నూనెతోని,
ఎండకారు దున్నిచ్చిండు.
ఒక్క కారుకు పనికి రానిది
రెండు కార్లు నడిచింది.

వడ్లు ఎక్కడికి పోయినయంటే
సేటు మిల్లుకే.
బస్తాకు రెండు కిలోల తరుగు.

నిన్న జానయ్య కడ్డీ గుంజి చూపిచ్చిండు.
నూనె నల్లబడ్డది,
ఇప్పుడు మార్చాలె.