ఆబేలు ఒక్కడే పాడిన తొమ్మిది

బ్రాడీపేట నాలుగో లైన్లో
మస్తాన్ వలీ టీకొట్టు బల్ల మీద
ఇయర్‌ఫోన్ ఒక్క చెవికే పెట్టుకుని విన్నాను.
రెండో చెవి ఆటోలకిచ్చాను.
నీకు ఆ మర్యాద చాలనుకున్నాను.

మొదటి పాట బాలేదు.
ఎవడో మిషను మీద కొట్టిన డ్రమ్స్,
రేషన్ షాపులో కొలిచి పోసిన కిరసనాయిల్లా.
రెండోదీ అంతే.
మూడోదాంట్లో మరీ వయొలిన్లు.
ఆబేలూ, నీకెందుకురా వయొలిన్లు?

నాలుగోది మొదలయ్యేసరికి టీ చల్లారింది.

ఏటుకూరు రోడ్డు గోడౌను మేడ మీద
మనం వాయించుకున్న ఆ మార్చి నెలలు.
కింద మిరప టిక్కీలు దించుతుంటే
ఘాటు మెట్లెక్కి వచ్చేది.
పల్లవి మధ్యలో నువ్వు దగ్గేవాడివి,
ఆ దగ్గుకి నేను తాళం వేసేవాణ్ణి.

ఆ దగ్గు ఇందులో ఉంది.
తీసెయ్యలేదు నువ్వు.
దాని వెనకాలే నాలుగు దెబ్బల ఖాళీ,
మిషను కూడా నోరు మూసుకుని.

నా వేళ్లు నన్నడక్కుండా
బల్ల అంచు మీద నింపేశాయి.
"గ్లాసులు పడతాయి సామీ" అన్నాడు మస్తాన్.

ఐదూ ఆరూ గుర్తులేవు.
ఏడోది, నేను వద్దని పోట్లాడిన పాట.
బానే ఉంది.
ఈ మాట ఇక్కడ తప్ప ఇంకెక్కడా అనను.
ఎనిమిదోది సగంలో ఆపేశాను,
నీ గొంతు ఎవరినో బతిమాలుతోంది
అది నేను కాదు.

తొమ్మిదోది ముట్టుకోలేదు.
ఆంప్ బాకీ ఆరువేలు
నేనే నీకివ్వాలి కదా,
ఇచ్చిన రోజున వింటాను.